మంచె ఎవరిది, చెట్టు ఎవరిది

తలుపు విసురుగా వెయ్యకండి. చేత్తో పట్టుకుని మెల్లగా ఒత్తండి, చప్పుడు లేకుండా పడుతుంది. ఐదున్నర కావస్తోంది, ఇంకా కటిక చీకటి. ఇవాళ నవంబర్ 15. మిషిగన్ రాష్ట్రం ఉత్తరభాగంలో, మయో అనే చిన్న ఊరికి కాస్త అవతల, హ్యూరాన్ జాతీయ అడవిలో ఇసుక బాట పక్కన దిగాం. రాత్రి గడ్డకట్టిన ఇసుక బూటు కింద పటపటమంటోంది. మీ ఒంటిమీద నారింజ రంగు కోటు, నెత్తిన అదే రంగు టోపీ. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నా తియ్యకండి. జింక కంటికి ఆ రంగు ఆనదు, మనిషి కంటికి మాత్రం ఫర్లాంగు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తుపాకి వేటలో అది లేకుండా అడవిలో అడుగు పెట్టకూడదని ఇక్కడి చట్టం.

ముందు నడుస్తున్న పెద్దాయన డిట్రాయిట్ శివార్లలో మా పక్కింటాయన. కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యాడు. తుపాకి ఆయన ఒక్కడి దగ్గరే ఉంది, అది కూడా ఖాళీది. సూర్యోదయానికి అరగంట ముందు వేట వేళ మొదలవుతుంది. అంటే ఇవాళ ఇక్కడ దాదాపు ఏడింటికి. అప్పటిదాకా గుండు నింపకూడదు. మీరూ నేనూ చూడ్డానికి వచ్చాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టంతో వేట నేరమైపోయింది కాబట్టి మన తరంవాళ్ళకి వేటగాడంటే దొంగే గుర్తొస్తాడు. ఇక్కడ మాత్రం వేటగాడు లైసెన్సు కొంటాడు, శిక్షణ తీసుకుంటాడు, కొట్టిన జింకని లెక్క చెబుతాడు. తుపాకులు, తూటాల మీద కేంద్రం వసూలు చేసే పన్ను 1937 నుంచీ వన్యప్రాణుల సంరక్షణకే పోతోంది. అడవిని అడవిగా ఉంచడంలో వీళ్ళ డబ్బు చాలా ఉంది.

వచ్చే దారిలో బండ్లు ఆగే చోట్లు రెండు దాటాం, గమనించారా? మొదటి చోట ఒక పికప్ ఉంది, రెండోచోట రెండున్నాయి. రెండు చోట్లా పెద్దాయన వేగం తగ్గించి, అద్దంలోంచి చూసి, ముందుకే పోనిచ్చాడు. బండి ఆగి ఉందంటే దాని మనిషి లోపలికి వెళ్ళినట్టే. ముందొచ్చినవాడి వెనకాలే నడుచుకుంటూ పోయి వాడి జింకల్ని బెదరగొట్టడం ఇక్కడ పెద్ద తప్పు. ఈ మాట ఏ చట్టంలోనూ రాయలేదు. తండ్రి కొడుక్కి చెబుతాడు, మామయ్య మేనల్లుడికి చెబుతాడు. చెప్పేవాళ్ళు లేనివాడు తిట్లు తిని నేర్చుకుంటాడు.

ఎర్రదీపం వెయ్యండి, తెల్లది వద్దు. వెలుగు పాదాల ముందే పడాలి. ఓక్ ఆకులు మంచుకి బిరుసెక్కి అప్పడాల్లా విరుగుతున్నాయి, అందుకే పెద్దాయన నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. కుడివైపు జాక్ పైన్ చెట్లు, కురచగా, చిక్కగా. ఎడమవైపు నేల పల్లానికి దిగి సెడార్ బురదనేలలో కలుస్తుంది. పగలు ఆ బురదలో దాక్కునే జింకలు తెల్లవారే ముందు ఓక్ కాయల కోసం గట్టెక్కి వస్తాయి. ఆ దారినే పెద్దాయన అక్టోబర్‌లో పట్టుకున్నాడు.

ఆగండి. అటు, చెట్ల మధ్య, ఇంకో దీపం. మనవైపే వస్తోంది. పెద్దాయన తలదీపాన్ని చేత్తో మూసి తెరిచాడు, రెండుసార్లు. అవతలి దీపం నిలబడిపోయింది. క్షణం తర్వాత అదీ రెండుసార్లు ఆరి వెలిగింది, పక్కకి తిరిగింది, మెల్లగా దూరమైంది. ఒక్క మాట లేదు. ఆ మనిషి ముఖం మనకి తెలియదు, మన ముఖం అతనికి తెలియదు. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి. ఇంత పెద్దమనిషి తరహాని నేను చాలా నగరాల్లో, చాలా ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర చూడలేదు.

ఇదిగో, చెట్టు దగ్గరికి వచ్చాం. ఎర్ర ఓక్, ఇద్దరు చేతులు చాస్తే కానీ కౌగిలికి అందదు. పెద్దాయన దీపాన్ని పైకి తిప్పాడు. ఇరవై అడుగుల ఎత్తున, జింక కోసం ఆయన కూర్చునే ఇనుప మంచె ఉండాలి. బెరడు మీద వెలుగు పైకీ కిందకీ తిరుగుతోంది. ఏమీ లేదు.

ఇంకో చెట్టేమో అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. దగ్గరికి రండి. పైన, వెలుగు పడినచోట, బెరడు మీద నున్నగా మెరుస్తున్న గీత చెట్టు చుట్టూ తిరిగి ఉంది. కిందటి నెలంతా పట్టీ బిగిసి ఉన్న చోటు. పైన రెండు నొక్కులు, మంచె ఇనుప పళ్ళు దిగబడిన గుర్తులు. కింద ఆకుల్లో తీగ ముక్క మీ బూటుకి తగిలింది చూడండి. చిటికెనవేలంత లావు ఇనుప కేబుల్, పైన నల్ల ప్లాస్టిక్ తొడుగు. తెగిన కొనని వేలితో తడమండి. రంపంతో కోస్తే పోగులు చెదురుతాయి. ఇది రెండు వైపులా నలిగి బల్లపరుపుగా అయింది. బోల్ట్ కట్టర్ పని. తాళం ఇంకా కేబుల్‌కి వేలాడుతూనే ఉంది, తాళానికి గీత కూడా పడలేదు.

పెద్దాయన వంగి చెట్టు వేళ్ళ సందులోంచి ఒక రేకు తీశాడు. అరచేతిలో పట్టేంత అల్యూమినియం రేకు. దాని మీద ఆయన పేరు, చిరునామా. మిషిగన్‌లో ప్రభుత్వ భూమిలో కట్టిన మంచెకి పేరు, చిరునామా ఉండాలి, లేదంటే డ్రైవింగ్ లైసెన్సు నంబరో వేట కార్డు నంబరో ఉండాలి, అదీ కింద నిలబడి చదవగలిగేలా. ఆయన సుత్తితో అక్షరం అక్షరం కొట్టి చేసుకున్న రేకు అది. దొంగ దాన్ని మంచెకి కట్టిన తీగ విప్పి, మెలిక తీసి, చెట్టు మొదట్లో పెట్టి వెళ్ళాడు. పారెయ్యలేదు, పెట్టాడు. అంటే పేరు చదివాడు. ఎవరి వస్తువో తెలిసే ఎత్తుకుపోయాడు.

"మెట్లు కూడా పట్టుకుపోయాడు," అన్నాడు పెద్దాయన గుసగుసగా. చెట్టెక్కే మెట్ల ముక్కల్లో అడుగుది ఆయన ఎప్పుడూ విప్పి ఇంటికి తీసుకెళ్ళిపోతాడు, ఇంకెవరూ ఎక్కకుండా. అది ఇప్పుడు ఆయన వీపుసంచికి కట్టి ఉంది. దొంగ నిచ్చెన తెచ్చుకున్నాడన్నమాట. తీరుబడిగా, పట్టపగలు, దారి తెలిసి వచ్చిన మనిషి.

కూర్చోండి, ఏడింటికి ఇంకా టైముంది. ఫ్లాస్కులో కాఫీ ఉంది. కోపం రావడం సహజం. కానీ ఈ నేల సంగతి తెలిస్తే ఆ దొంగతనం ఎంత లోతున తగిలిందో అర్థమవుతుంది. 1870ల నుంచి ఓ ముప్పై ఏళ్ళపాటు ఇక్కడి తెల్ల పైన్ అడవిని కంపెనీలు నరికి, దుంగల్ని నదుల్లో తేల్చి తీసుకుపోయాయి. మోళ్ళు మిగిలిన నేలని రైతులకి అమ్మారు. ఇసుక నేల, పంట పండలేదు. పన్ను కట్టలేక ఒక్కొక్కరే వదిలేసి వెళ్ళిపోయారు. ఎవరికీ అక్కరలేని ఆ భూమి చివరికి సర్కారు చేతికి వచ్చింది. 1909లో హ్యూరాన్ జాతీయ అడవి ఏర్పడింది, 1938లో పడమటివైపు మానిస్టీ. రెండూ కలిపి ఇప్పుడు పది లక్షల ఎకరాలకు దగ్గరగా ఉంటుంది. కోటీశ్వరుడికీ, గ్యారేజీలో పనిచేసే కుర్రాడికీ ఇక్కడ ఒకటే హక్కు. సొంత పొలం లేనివాడు వేటాడాలంటే ఇదే దిక్కు. దొంగ చేయి పడింది ఆ లేనివాడి వస్తువు మీద.

ఇక్కడ రెండు హక్కులున్నాయి, వాటిని కలిపేసుకోకూడదు. చోటు అందరిదీ. వస్తువు కొనుక్కున్నవాడిది. ప్రభుత్వ భూమిలో మంచె కట్టుకోనిచ్చే సెప్టెంబర్ 1 తర్వాత మీరొకటి కట్టినా ఆ చెట్టు మీదైపోదు. మీరు రానిరోజు ఎవరైనా వచ్చి పక్క చెట్టు కింద కూర్చుంటే లెమ్మనే హక్కు మీకు లేదు. పేరు రాసినంత మాత్రాన చోటు రిజర్వు కాదు. చాలామంది వేటగాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. "ఇది మా నాన్న కూర్చున్న గట్టు" అని కొత్తవాడి మీద కేకలేసేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. అలాగే, "సర్కారు అడవిలో వదిలేసిన ఇనుము, ఎవరు తీసుకుంటే ఏం" అనుకునేవాడిదీ తప్పే. ఒకడు అందరి నేలని తనదనుకుంటున్నాడు, ఇంకొకడు ఒకరి వస్తువుని అందరిదనుకుంటున్నాడు. నా లెక్కలో ఇద్దరూ ఒకే జాతి. శిక్ష మాత్రం రెండోవాడికే పడుతుంది. మిషిగన్‌లో రెండొందల డాలర్లలోపు దొంగతనానికైనా 93 రోజుల దాకా జైలు ఉంది.

తూర్పున బూడిదరంగు తేలుతోంది. పెద్దాయన లేచాడు. చోటు మారుద్దామంటున్నాడు. గట్టు వెంబడి నడవండి. అదిగో, ఇంకో మంచె. ఖాళీగా ఉంది. మెట్లు కింద దాకా ఉన్నాయి, సీటు మీద మంచు కూడా దులపలేదు. మీ కళ్ళలో ప్రశ్న నాకు కనిపిస్తోంది. ఎక్కి కూర్చుంటే ఏం పోతుంది, ఆయనది పోయింది కదా?

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మర్యాద ఒక కారణం. రెండోది ప్రాణం. ఆ పట్టీ ఎన్నేళ్ళుగా ఎండకీ వానకీ నానుతోందో మనకి తెలియదు. ఉడతలు పట్టీలని కొరుకుతాయి. చెట్టు లావెక్కి పట్టీ బిగుసుకుని లోపల పోగులు తెగి ఉంటాయి. వేటలో తుపాకి ప్రమాదాల కంటే మంచె మీంచి పడి నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళే ఎక్కువ. కొత్త మంచె కొంటే ఒళ్ళంతా పట్టే హార్నెస్ కూడా అదే పెట్టెలో ఇస్తున్నారంటే అందుకే. దొంగల్లో ఇంకో రకం ఉన్నారు, వాళ్ళని తల్చుకుంటే నాకు వెన్నులో వణుకు పుడుతుంది. వస్తువు తీసుకుపోరు, పట్టీని సగం కోసి వదిలేస్తారు. "నా చోటుకి వచ్చావు కదా, ఎక్కు" అని. దాన్ని దొంగతనం అనకూడదు, హత్యాయత్నం అనాలి.

తెల్లటి వెలుగు మొహం మీద పడింది. కదలకండి. చేతులు కనపడేలా ఉంచండి.

"అది నా మంచె." కుర్రగొంతు. దీపం వెనక మనిషి కనపడటం లేదు, భుజాన తుపాకి పట్టీ మాత్రం తెలుస్తోంది. వెలుగు పెద్దాయన మీంచి నా మీదికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది. మీ మీదికి వచ్చింది, అక్కడా ఆగింది. ఆ ఆగడం మీకు తెలిసే ఉంటుంది. ఈ అడవుల్లో మన రంగు మనుషులు తక్కువ.

ఇలాంటి క్షణంలోనే విస్కాన్సిన్‌లో ఏం జరిగిందో ఇక్కడి వేటగాళ్ళందరికీ తెలుసు. 2004 నవంబర్ 21. మిన్నెసోటా నుంచి వచ్చిన హ్మాంగ్ అనే ఆగ్నేయాసియా జాతికి చెందిన ఒక వేటగాడు సాయర్ కౌంటీలో ప్రభుత్వ భూమి అనుకుని ప్రైవేటు భూమిలోకి వెళ్ళి, ఖాళీగా ఉన్న మంచె ఎక్కాడు. భూమి తాలూకువాళ్ళు వచ్చి దిగమన్నారు. దిగాడు. మాటలు పెరిగాయి. జాతి పేరు పెట్టి తిట్టారనీ, ముందు తనమీదే కాల్చారనీ అతను చెప్పాడు. బతికినవాళ్ళు ముందు కాల్చింది అతనే అన్నారు. ఆరుగురు చనిపోయారు, ఇద్దరు గాయపడ్డారు. మరుసటి ఏడాది జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది, ఆరు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2007 జనవరిలో అదే రాష్ట్రంలో, ఈసారి ప్రభుత్వ వేటభూమిలో, ఉడతల వేటకొచ్చిన మరో హ్మాంగ్ మనిషిని ఒక తెల్ల వేటగాడు చంపాడు. అతనికీ శిక్ష పడింది. మంచె మీద కూర్చోవడం దగ్గర మొదలైన మాట ఆరు శవాల దాకా వెళ్ళింది. అందుకే పెద్దాయన ఇప్పుడేం చేస్తున్నాడో జాగ్రత్తగా చూడండి.

ముందు తన దీపం ఆర్పేశాడు. తుపాకిని గొట్టం పైకి ఉండేలా చెట్టుకి ఆనించి, దానికి రెండడుగులు ఎడంగా జరిగాడు. అరచేతులు రెండూ చూపించాడు.

"ఎక్కలేదు. ఎక్కం కూడా. నీ సీటు మీద మంచు చూసుకో, అలాగే ఉంది."

వెలుగు పైకి వెళ్ళి సీటు చూసి వచ్చింది.

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"

"నాది పోయింది. అదిగో ఆ పెద్ద ఓక్ మీద ఉండేది." జేబులోంచి రేకు తీసి చాచాడు. కుర్రాడు దగ్గరికొచ్చి చదివాడు. తెల్లదీపం ఆరి ఎర్రది వెలిగింది. ఇరవై దాటి ఉండవు, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు.

"సెప్టెంబర్‌లో నా కెమెరా ఎత్తుకుపోయారు," అన్నాడు. "అప్పట్నుంచి ఎవర్ని చూసినా..." మాట పూర్తి చెయ్యలేదు. నావైపు చూసి, "సారీ సర్," అన్నాడు. నేను ఫరవాలేదన్నాను. నిజానికి అది ఫరవాలేని సంగతి కాదు, నా గుండె ఇంకా గట్టిగానే కొట్టుకుంటోంది. కానీ ఆ కుర్రాడు అడగాల్సింది అడిగాడు, వినాల్సింది విన్నాడు. సాయర్ కౌంటీలో ఆ రోజు లేనిది అదే.

గాలి పడమటినుంచి ఉందనీ, బురద అంచున పడిపోయిన సెడార్ దగ్గర ఎవరూ కూర్చోలేదనీ చెప్పి అతను పైకెక్కాడు. ఎక్కేముందు హార్నెస్ కొక్కేన్ని తాడుకి తగిలించుకోవడం చూశాను. మనం అక్కడికే పోదాం.

తొమ్మిదింటిదాకా బురద అంచున కూర్చున్నాం. ఒక ఆడజింక వచ్చి, గాలి వాసన చూసి, తోక ఎత్తి వెళ్ళిపోయింది. అంతే. పెద్దాయన పెద్దగా బాధపడలేదు. ఆయన మనసు ఆ మంచె మీదే ఉంది. దాని ఖరీదు రెండొందల డాలర్లు దాటదు. అది వాళ్ళ కొడుకు కొనిచ్చింది, ఆ సంగతి తిరుగుదారిలో చెప్పాడు. మధ్యాహ్నం షెరీఫ్ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాం. తయారీ పేరు, మోడల్ చెప్పగలిగాడు. ఫొటో లేదు, సీటు అడుగున గీసిన గుర్తు లేదు. అవి లేకుండా దొరికినా నీదని రుజువు చెయ్యడం కష్టం.

వచ్చే ఏడాది నుంచి మంచెని అడవిలో వదిలి రానంటున్నాడు. చాలామంది అదే దారి పట్టారు. నడుముకి కట్టుకుని చెట్టుకి వేలాడే జీను లాంటి పరికరం ఒకటి ఈ మధ్య బాగా అమ్ముడుపోతోంది. పొద్దున వీపున మోసుకెళ్ళి, సాయంత్రం మోసుకొచ్చేస్తారు. చెట్టు మీద ఏమీ మిగలదు, కాబట్టి పోయేదీ ఏమీ ఉండదు. విస్కాన్సిన్ దక్షిణభాగంలో రాష్ట్ర భూముల మీద చట్టమే అలా ఉంది, ఏ రోజు కట్టింది ఆ రోజే దించాలి. డెబ్బై దాటిన మనిషికి మాత్రం చీకట్లో, చలిలో, రోజూ కొత్తగా కట్టుకుని ఎక్కడం ప్రమాదం. దొంగ ఆయన దగ్గర్నుంచి ఇనుముతోపాటు ఇంకో నాలుగైదేళ్ళ వేటని కూడా తీసుకుపోయాడని నేననుకుంటున్నాను.

మిషిగన్‌లో, టెక్సాస్‌లో, పెన్సిల్వేనియాలో ఉంటున్న మనవాళ్ళు ఇప్పుడు వేట కోర్సులు చేస్తున్నారు, పిల్లల్ని తీసుకుని ఆకురాలే కాలంలో ఈ అడవుల్లో నడుస్తున్నారు. వాళ్ళకి నా మనవి ఇది. చెట్టు మీద మంచె కనిపిస్తే ఫొటో కోసమైనా ఎక్కకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. దానిమీద మనిషి ఉంటే చెయ్యెత్తి, మెల్లగా దూరం జరగండి. వాడిన మంచె చవగ్గా వస్తోందంటే ఎక్కడిదని అడగండి, పేరున్న రేకు పీకేసిన గుర్తుంటే కొనకండి. మీదే అయితే ఫొటో తీసి, కనపడని చోట గుర్తు గీసి పెట్టుకోండి, పోతే షెరీఫ్‌కి తప్పక ఫిర్యాదివ్వండి. అడవిలో వేట నేరం కళ్ళబడితే మిషిగన్‌లో 800-292-7800కి ఫోన్ చెయ్యండి, రాత్రీ పగలూ పలుకుతారు. చట్టం పెట్టిన గడువు మార్చి 1 లోపు మీ మంచె మీరు దించుకుని ఇంటికి తీసుకెళ్ళండి.